చెయ్యి వెయ్యడానికి అనుమతి
(అగ్నిమాపక వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలిపోయినప్పుడు మంటలార్పుతూ ప్రాణాలు పోగొట్టుకున్న ఫైర్ సిబ్బందిని తలుచుకుంటూ మనం ఏటా ఈ వారోత్సవాలు జరుపుకుంటున్నాం. ముందుగా వాళ్లకు నా నమస్సులు.

ఈ హాల్లో ఒక పక్క ఫైర్ స్టేషన్ల వాళ్లు ఉన్నారు. ఇంకో పక్క 108 సిబ్బంది, పారామెడికల్ విద్యార్థులు. వెనక వరసల్లో నాతోపాటు టీవీకి రాసేవాళ్లు కొందరున్నారు. ఇంతమందికీ సంబంధం ఉన్న విషయం ఏముందా అని ఆలోచిస్తే నాకు తట్టింది ఒక టీవీ ఎపిసోడ్. అమెరికాలో 1972లో మొదలైన ‘ఎమర్జెన్సీ!’ అనే ఫైర్ స్టేషన్ సీరియల్‌కి మొట్టమొదటి భాగం అది. ఈరోజు దాని గురించే మాట్లాడతాను. నేను రాసే పనిలో ఉన్నాను కాబట్టి, టీవీ అనేది ఏం చెయ్యగలదో అని ఎప్పుడు అధైర్యం వచ్చినా ఆ ఎపిసోడ్‌నే తలుచుకుంటాను.

1972 జనవరి 15, శనివారం రాత్రి. ఎన్‌బీసీ చానల్లో రెండు గంటల కార్యక్రమంగా అది ప్రసారమైంది. దాని పేరు వినండి: ‘ది వెడ్స్‌వర్త్-టౌన్‌సెండ్ యాక్ట్’. ఫైర్‌మెన్ కథకి ఒక చట్టం పేరు పెట్టారు! ఇప్పుడు మా చానల్ మీటింగులో ఎవరైనా అలాంటి పేరు చెబితే, ముందు టైటిల్ మార్చుకుని రమ్మంటారు. కానీ ఆ రచయితలు కావాలనే పెట్టారు. ఎందుకంటే ఆ కథలో అసలు గొడవంతా చట్టంతోనే.

కథ ఇదీ. లాస్ ఏంజెలెస్ కౌంటీలో జాన్ గేజ్ అనే ఫైర్‌మన్. రెస్క్యూ పనిలో దిట్ట. కరెంటు షాక్ తగిలిన ఒక కార్మికుణ్ణి తన టీమ్‌తో కలిసి ఎంతో కష్టపడి కిందికి దించుతాడు. ఆస్పత్రికి చేరుస్తారు. మనిషి దక్కడు. తాళ్లు కట్టడం, నిచ్చెనలెయ్యడం, దించడం అన్నీ సక్రమంగానే చేశారు. గుండె కొట్టుకోవడం తప్పిన మనిషికి అక్కడికక్కడే గుండెకి షాక్ ఇవ్వాలి, సూది వెయ్యాలి. ఆ రెండూ చేసే హక్కు ఫైర్‌మన్‌కి లేదు. అది వైద్యం, వైద్యం డాక్టరు చెయ్యాలి, డాక్టరు ఆస్పత్రిలో ఉంటాడు.

అప్పుడు రాయ్ డిసోటో అనే ఇంకో ఫైర్‌మన్ అతన్ని పారామెడిక్ శిక్షణకి రమ్మంటాడు, అంటే ఆస్పత్రికి చేరేలోపే అత్యవసర వైద్యం చెయ్యడం నేర్చుకోవడానికి. మొదట గేజ్‌కి ఇష్టం ఉండదు. రెస్క్యూ వదిలేసి అంబులెన్సు పని ఎవరు చేస్తారన్నట్టు మాట్లాడతాడు. ఇక ఆ శిక్షణ జరిగే ర్యాంపార్ట్ ఆస్పత్రిలో డాక్టర్ బ్రాకెట్‌కి అసలు ఈ ఆలోచనే గిట్టదు. ఏళ్లకేళ్లు చదివి మేం చేసే పని, కొన్ని వారాల ట్రైనింగుతో మీరు రోడ్డు మీద చేస్తారా అని అతని వాదన. హెడ్ నర్సు డిక్సీ మెకాల్ అతనితో పోట్లాడుతుంది. పారామెడిక్కులు సొంతంగా వైద్యం చెయ్యొచ్చనే చట్టం ఇంకా బిల్లుగానే ఉంది. అది వచ్చేదాకా శిక్షణ పొందినవాళ్లు కూడా నర్సు పక్కన ఉంటేనే రోగికి వైద్యం చెయ్యాలి. అందుకని ఆమే వాళ్లతో బండిలో వెళ్తుంది. ఒక కారు ప్రమాదం దగ్గర ఆమే గాయపడుతుంది. ఇప్పుడు ఎదురుగా పేషెంట్లున్నారు, చేతిలో మందుల పెట్టె ఉంది, చెయ్యడం వచ్చు. చెయ్యొచ్చా? బ్రాకెట్ చివరికి శాసనసభ కమిటీ ముందుకెళ్లి ఆ బిల్లు తరఫునే మాట్లాడతాడు.

రచయితగా నాకు బాగా నచ్చింది బ్రాకెట్ పాత్ర. మన సీరియళ్లలో అయితే అతన్ని అహంకారి డాక్టరుగా చూపించి, ఆఖర్లో తల దించుకునేలా చేసేవాళ్లం. ఇక్కడ అతని భయం నిజమైనదే. తప్పుడు మందు, తప్పుడు మోతాదు, ప్రాణం పోతుంది, బాధ్యత ఎవరిది? ఆ ప్రశ్నని రచయితలు చులకన చెయ్యలేదు. దానికి జవాబు వెతికారు. ఇద్దరి వాదనల్లోనూ న్యాయం ఉంది కాబట్టే ఆ రెండు గంటలూ కూర్చుని చూడగలుగుతాం.

ఇదంతా కల్పన అనుకోకండి. కాలిఫోర్నియాలో ఆ చట్టం నిజంగానే వచ్చింది. ఇద్దరు శాసనకర్తల పేర్లు కలిపి పెట్టిన ఆ బిల్లు మీద గవర్నర్ రోనాల్డ్ రీగన్ 1970 జులైలో సంతకం పెట్టారు. రీగన్ తండ్రికి గుండెపోటు వచ్చినప్పుడు అంబులెన్స్ వాళ్లు మా ఊరి హద్దు దాటి రాలేమన్నారని, అది మనసులో ఉండే ఆయన ఒప్పుకున్నారని ఆ ప్రయత్నంలో ఉన్నవాళ్లు తర్వాత చెప్పారు. అంతకుముందు 1969లో హార్బర్ జనరల్ ఆస్పత్రిలో డాక్టర్ మైకేల్ క్రైలీ, డాక్టర్ జేమ్స్ లూయిస్ ఫైర్‌మెన్‌కి శిక్షణ మొదలుపెట్టారు. నర్సులు నిజంగానే వాళ్ల బండి ఎక్కి తిరిగారు. అంటే డిక్సీ పాత్ర వెనక పేర్లు బయటికి రాని నర్సులు చాలామంది ఉన్నారు.

అప్పటి పరిస్థితి ఎలా ఉండేదో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. 1966లో అమెరికా జాతీయ సైన్సెస్ అకాడమీ ప్రమాద మరణాల మీద ఒక నివేదిక ఇచ్చింది. దేశంలో సగం అంబులెన్స్ సేవల్ని నడిపేది అంత్యక్రియలు చేసే సంస్థలని అందులో రాశారు. కారణం చాలా మామూలుది. మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లే పొడుగు బండి వాళ్ల దగ్గరే ఉంది. మన ఊళ్లలో వైకుంఠ రథం అంటామే, దాన్నే తెచ్చి ప్రాణం ఉన్నవాణ్ణి ఎక్కించేవాళ్లు. లోపల వైద్యం తెలిసినవాడు ఉండేవాడు కాదు. ఎంత తొందరగా తోలితే అంత వైద్యం.

గుండె ఆగిన మనిషికి అది చాలదు. రక్తం అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. షాక్ ఇవ్వడం ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. ఇది ముందుగా గట్టిగా పట్టించుకున్నది బెల్‌ఫాస్ట్ నగరంలోని డాక్టర్ ఫ్రాంక్ పాంట్రిడ్జ్. రోగిని ఆస్పత్రికి తెచ్చేకంటే ఆస్పత్రినే రోగి దగ్గరికి తీసుకెళదామని 1966లో కారు బ్యాటరీలతో నడిచే డీఫిబ్రిలేటర్‌ని, అంటే గుండెకి షాక్ ఇచ్చే యంత్రాన్ని, బండిలో పెట్టారు. దాని బరువు దాదాపు 70 కిలోలు. మరుసటి ఏడు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. ప్రపంచమంతా అటు చూసింది. అయితే పాంట్రిడ్జ్ బండిలో డాక్టరు వెళ్లేవాడు. ప్రతి బండికీ ఒక డాక్టరు అంటే ఎక్కణ్ణుంచి తెస్తారు? మయామీలో డాక్టర్ యూజీన్ నేగెల్ ఫైర్‌మెన్‌నే తీసుకున్నారు, రోగి ఈసీజీని రేడియోలో ఆస్పత్రికి పంపించి చూపించారు.

ఫైర్‌మెన్‌నే ఎందుకు అంటారేమో. ముందు వరసల్లో ఉన్న మీకు తెలిసిందే, అయినా మా రచయితల కోసం చెబుతాను. ఫైర్ స్టేషన్లని ఊరంతా పరిచి కట్టేదే కొద్ది నిమిషాల్లో ఎక్కడికైనా చేరాలని. అక్కడ రాత్రీపగలూ మనుషులు సిద్ధంగా ఉంటారు. బెల్ కొట్టగానే బూట్లలో కాళ్లు దూర్చి బయల్దేరడం వాళ్లకి అలవాటు. మిగతా ప్రభుత్వ యంత్రాంగంలో అంత తయారుగా ఉండే విభాగం దొరకదు. మంట లేని సమయంలో కూడా ఆ తయారీని వాడుకోవాలనుకోవడమే పారామెడిక్ ఆలోచనకి పునాది.

సరే, మళ్లీ ఎపిసోడ్‌కి వస్తాను. ఈ సీరియల్లో పదేపదే వచ్చే ఒక సన్నివేశం ఉంది. దాన్ని కాస్త నిదానంగా చెప్పాలి.

రోడ్డు పక్కన ఒకాయన పడి ఉంటాడు. గేజ్ మోకాళ్ల మీద కూర్చుని నారింజరంగు పెట్టె ఒకటి తెరుస్తాడు. బయోఫోన్ అంటారు దాన్ని. యాంటెన్నా నిలబెట్టి, రిసీవర్ తీసి “ర్యాంపార్ట్, ఇది స్క్వాడ్ ఫిఫ్టీ వన్” అంటాడు. పక్కన డిసోటో అప్పటికే బీపీ కఫ్ చుట్టేసి ఉంటాడు. వయసు ఇంత, పల్స్ ఇంత, బీపీ ఇంత, ఊపిరి ఎలా ఉంది, ఒళ్లు చెమట పట్టిందా లేదా. ఒక్క మాట ఎక్కువుండదు. అవతల అద్దాల గదిలో బ్రాకెట్ వింటూ కాగితం మీద రాసుకుంటాడు. ఈసీజీ పంపమంటాడు. ఛాతీ మీద తీగలు అంటిస్తారు, అక్కడ యంత్రంలోంచి గీతల కాగితం బయటికొస్తుంది. సెలైన్ ఎక్కించమంటాడు, మనం ఆర్.ఎల్. అంటామే, ‘రింగర్స్ లాక్టేట్’, అదే ఎక్కువసార్లు వినబడుతుంది. గేజ్ ఆ ఆర్డర్‌ని మళ్లీ పూర్తిగా చదివి వినిపిస్తాడు. మందు పేరు, మోతాదు, ఎలా ఇవ్వాలో. బ్రాకెట్ అవునన్న తర్వాతే సూది గుచ్చుతారు.

ఈ తిరిగి చదవడం చూడండి. ఇప్పుడు ఇక్కడున్న పారామెడికల్ విద్యార్థులకి ఇది శిక్షణలోనే నేర్పుతారు. ఫోన్లో డాక్టరు చెప్పిన ఆర్డర్ని తిరిగి చెప్పి, సరే అనిపించుకుని చెయ్యాలని. మొదటి ఎపిసోడ్‌లో బ్రాకెట్ పడ్డ భయానికి జవాబు ఈ సన్నివేశంలో ఉంది. చెయ్యి ఫైర్‌మన్‌ది, బాధ్యత డాక్టరుది, మధ్యలో పొరపాటు జరక్కుండా ఒక పద్ధతి. ఏడుపులు లేవు, గుండె దడదడలాడించే సంగీతం పెద్దగా లేదు. అయినా టెన్షన్‌తో చూస్తాం. పనిని పనిలా చూపిస్తే చాలు, అందులోంచే ఉత్కంఠ పుడుతుందని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఆ నారింజ పెట్టె.

దీని వెనక నిర్మాతల పట్టుదల ఉంది. జాక్ వెబ్ సంస్థ తీసింది, రాబర్ట్ సినాడర్, హెరాల్డ్ జాక్ బ్లూమ్ రూపకల్పన. ఫైర్ స్టేషన్ రికార్డుల్లో నమోదైన నిజం కాల్స్ నుంచే రెస్క్యూలు తీసుకోవాలన్నది సినాడర్ పట్టు. లాస్ ఏంజెలెస్ కౌంటీ ఫైర్ అధికారి జేమ్స్ పేజ్ సాంకేతిక సలహాదారుగా ఉన్నారు. గేజ్ వేషం వేసిన రాండాల్ఫ్ మాంటూత్, డిసోటో వేషం వేసిన కెవిన్ టై పారామెడిక్ క్లాసులకి వెళ్లి కూర్చున్నారు. ఇంజన్ నడిపే మైక్ స్టోకర్ నటుడు కాదు, నిజం ఫైర్‌మన్, సీరియల్లో కూడా ఆయన పేరు మైక్ స్టోకరే. స్టేషన్ గంట మోగాక వినబడే కంట్రోల్ రూమ్ గొంతు కూడా అసలు డిస్పాచర్‌దే. షూటింగ్ జరిగింది కార్సన్‌లోని నిజం స్టేషన్, నంబరు 127. ఇప్పుడు దానికి సినాడర్ పేరు పెట్టారు. అప్పట్లో కౌంటీలో 51 నంబరు స్టేషనే లేదు. తర్వాత యూనివర్సల్ స్టూడియో దగ్గరి స్టేషన్‌కి సీరియల్ గౌరవార్థం ఆ నంబరిచ్చారు.

ఇక ఫలితం. సీరియల్ మొదలైనప్పుడు అమెరికాలో పారామెడిక్కులున్న ఊళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వారం వారం ఇంట్లో కూర్చుని చూసినవాళ్లు, మా ఊళ్లో ఇవి ఎందుకు లేవని తమ తమ కౌన్సిళ్లని అడగడం మొదలుపెట్టారు. 1977 వరకూ సీరియల్ నడిచింది. ఆ కాలంలోనే రాష్ట్రం తర్వాత రాష్ట్రం ఇలాంటి చట్టాలు చేసుకుంది. ఒక్క సీరియల్ వల్లే ఇదంతా జరిగిందని నేననను. 1966 నివేదిక ఉంది, డాక్టర్ల కృషి ఉంది, ప్రభుత్వ డబ్బు ఉంది. కానీ జనం అడగాలంటే ముందు అలాంటిదొకటి ఉంటుందని తెలియాలి కదా. ఆ తెలియజెయ్యడం టీవీ చేసింది. అందుకే 2000లో ఆ సీరియల్లో వాడిన హెల్మెట్లు, బయోఫోన్ లాంటి వస్తువుల్ని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం తీసుకుని దాచుకుంది.

ఇంత మెచ్చుకున్నాక ఒక లోటు కూడా చెప్పి తీరాలి, ఎందుకంటే నాకు అది బాధ కలిగించే విషయం. లాస్ ఏంజెలెస్ కంటే ముందే, 1967లో, పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సర్వీస్ అని ఒకటి మొదలైంది. హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతి పేటలో అంతకుముందు ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పోలీసు వ్యాన్ వచ్చేది, వస్తే అదృష్టం. ఆ పేటలోనే ఉద్యోగాల్లేని యువకుల్ని తీసుకుని డాక్టర్ పీటర్ సఫార్ పారామెడిక్కులుగా తయారుచేశారు. గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కి, ఊపిరి ఊది కాపాడే సీపీఆర్‌ని లోకానికి ఇచ్చినవాళ్లలో ఆయనొకరు. సొంత కూతురు 1966లో ఉబ్బసంతో చనిపోయింది, ఆ దుఃఖంతో ఆయన అంబులెన్సుల మీద దృష్టి పెట్టారు. తర్వాత డాక్టర్ నాన్సీ కారొలైన్ వాళ్లకి నాయకత్వం వహించారు. అమెరికాలో అంత లోతైన శిక్షణతో పనిచేసిన తొలి పారామెడిక్కులు వాళ్లే. అలాంటి సర్వీసుని 1975లో నగరపాలక సంస్థ మూసేసి సొంతది పెట్టుకుంది, పాతవాళ్లలో చాలామంది నిలవలేకపోయారు. సరిగ్గా అదే ఏళ్లలో టీవీలో గేజ్, డిసోటో ఇంటింటి హీరోలు. హిల్ డిస్ట్రిక్ట్ యువకుల గురించి దేశానికి దశాబ్దాల పాటు తెలియలేదు. తెర మీదకి ఎక్కినవాళ్లే చరిత్రలో మిగులుతారంటే, తెరకి రాసేవాళ్ల మీద ఎంత బాధ్యత ఉందో ఆలోచించండి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్ కేంద్రంగా 108 మొదలైంది. ఈఎంఆర్ఐ సంస్థ మొదలుపెట్టింది, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తోడై రాష్ట్రమంతా విస్తరించింది. తర్వాత ఎన్నో రాష్ట్రాలు మన దారి పట్టాయి. రాజశేఖరరెడ్డి గారు సభల్లో ‘కుయ్ కుయ్’ అని సైరన్ శబ్దం చేసి చూపించేవారు, గుర్తుందా? రాజకీయాల మాట ఎలా ఉన్నా, ఆ చప్పుడు పల్లెల్లో పిల్లల నోళ్లకి కూడా ఎక్కింది. అంతకుముందు యాక్సిడెంట్ అయితే ఎదురొచ్చిన ఆటోనో లారీనో ఆపడమే. ఆపినవాడికి పోలీసు కేసు భయం. ప్రైవేటు ఆస్పత్రికెళ్తే పోలీసులు రానిదే ముట్టుకోమనేవాళ్లు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, ముందు ప్రాణం కాపాడాలి, లాంఛనాలు తర్వాత అని తేల్చిచెప్పింది. చెప్పాక కూడా ఏళ్ల తరబడి ఆ భయం పోలేదు.

108 బండిలో ఇద్దరుంటారు. తోలే అతన్ని పైలట్ అంటారు, వెనక పేషెంట్‌ని చూసుకునే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, అంటే ఈఎంటీ. మా టీవీవాళ్లకి తెలియనిది ఒకటి చెబుతాను. బండిలో పేషెంట్ పరిస్థితి విషమిస్తే ఈఎంటీ కాల్ సెంటర్లో ఉండే డాక్టరుకి ఫోన్ చేస్తాడు. పల్స్, బీపీ, ఊపిరి చెబుతాడు. డాక్టరు చెప్పిన మందు ఇస్తాడు. అంటే ర్యాంపార్ట్ సన్నివేశం మన హైవేల మీద, మన్యం ఘాట్‌రోడ్ల మీద, ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న ఈ నిమిషంలో కూడా ఎక్కడో జరుగుతూనే ఉంటుంది. ఫోన్ ఒక చెవికి భుజంతో నొక్కిపెట్టి, కుదుపుల్లో ఒక చేత్తో సెలైన్ సీసా పట్టుకుని, ఇంకో చేత్తో నొప్పులు పడుతున్న అమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసి, “ఇంకొంచెం ఓర్చుకో అమ్మా, పైలట్ బండి పక్కకి ఆపుతున్నాడు” అని చెప్పే ఈఎంటీ ఒకరు. రోడ్డు పక్కన ఆపిన బండిలో పుట్టిన పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ బోలెడంత మంది ఉన్నారు. ఇంత కథ రోజూ జరుగుతుంటే, తెలుగులో నేను చూసినంతలో ఆ బండి కేంద్రంగా నడిచిన సీరియల్ లేదు. ఫైర్ స్టేషన్ కేంద్రంగా కూడా లేదు.

మా సీరియళ్లలో అంబులెన్స్ అంటే ఒక సైరన్, ఒక స్ట్రెచర్, ఆ తర్వాత ఆపరేషన్ థియేటర్ తలుపు మీద ఎర్ర లైటు. డాక్టరు బయటికొచ్చి, “24 గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం” అంటాడు. ఇంటికీ ఆస్పత్రికీ మధ్య దూరం మా కథల్లో లేనే లేదు. నిజానికి మనుషులు బతికేదీ పోయేదీ ఆ దూరంలోనే. ఇది రాయకపోవడం వల్ల నష్టం ఏమిటో చెబుతాను. గుండె ఆగిన మనిషి ఛాతీ మీద రెండు గుద్దులు గుద్దితే లేచి కూర్చుంటాడని చూసి పెరిగిన ప్రేక్షకుడు, రేపు తన తండ్రి కుప్పకూలితే అదే చేస్తాడు. సరిగ్గా చూపించి ఉంటే, ఛాతీ మధ్యలో చేతులుంచి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకి తగ్గకుండా, 108 వచ్చేదాకా ఆపకుండా నొక్కాలని వాడికి తెలిసి ఉండేది.

చట్టం సంగతి కూడా కథలోకి తెచ్చుకోవచ్చని ఆ పాత ఎపిసోడ్ చూపించింది కదా. మన దగ్గర చట్టాలకేం తక్కువ లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 134ఎ సెక్షన్ పెట్టారు. ప్రమాదంలో పడ్డవాళ్లకి మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసులుండవు, తన పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు. అంబులెన్స్‌కీ ఫైరింజన్‌కీ దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా, జైలు కూడా ఉండొచ్చని 194ఇ చెబుతోంది. ఈ రెండు విషయాలూ ఈ హాల్లో ఎంతమందికి ముందే తెలుసో చేతులెత్తమని అడగను. బయట రోడ్డు మీద ఎంతమందికి తెలుసో మీకే తెలుసు. ఒక్క సాయంత్రం సీరియల్లో, ఒక అత్తగారి పాత్రో తమ్ముడి పాత్రో రోడ్డు మీద మనిషిని ఎత్తుకుని ఆస్పత్రికి తీసుకెళ్లి, అక్కడ రిసెప్షన్లో ఈ 134ఎ గురించి గట్టిగా అడిగితే ఎన్ని లక్షల ఇళ్లకి చేరుతుందో లెక్కేసుకోండి.

ఇక పారామెడికల్ విద్యార్థులకి ఒక మాట. మీ చదువుకీ వృత్తికీ గుర్తింపు, రిజిస్ట్రేషన్ ఉండాలని 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. దాన్ని చదవండి. మీరు ఏం చెయ్యొచ్చో, ఏం చెయ్యకూడదో తెలుసుకోండి, చాలని చోట అడగండి. బ్రాకెట్ లాంటి డాక్టర్లు మీకూ ఎదురవుతారు. వాళ్ల మీద కోపం తెచ్చుకోవద్దు. రిపోర్టు చెప్పేటప్పుడు పల్స్ ఎంతో తడుముకోకుండా చెప్పండి, ఆర్డర్‌ని తిరిగి చదివి వినిపించండి. నమ్మకం అలాగే వస్తుంది.

రచయిత మిత్రులకి నా అభ్యర్థన ఒకటే. దగ్గర్లో ఉన్న ఫైర్ స్టేషన్‌కి అనుమతి తీసుకుని వెళ్లండి. కాల్ రిజిస్టర్ చూపించమని అడగండి. ఈ ముందు వరసల్లో ఉన్నవాళ్లు కాదనరు, నేను ఇందాక టీ తాగుతూ అడిగి చూశాను. బావిలో పడ్డ గేదె నుంచి లిఫ్టులో ఇరుక్కున్న ముసలమ్మ దాకా, గ్యాస్ సిలిండర్ లీకైన వంటింటి నుంచి వరదలో చెట్టెక్కి కూర్చున్న కుటుంబం దాకా అందులో ఉంటాయి. ఆ రాతలో తేదీ, టైము, బండి నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. మిగతాది రాసినతన్ని కూర్చోబెట్టి అడగండి, మీకు ఒక సీజన్‌కి సరిపడా దొరుకుతుంది.

నా సమయం అయిపోయింది. వేదిక పక్కన బల్ల మీద రెండు సీపీఆర్ బొమ్మలు పెట్టారు, 108 నుంచి వచ్చిన చెల్లెలు నేర్పడానికి సిద్ధంగా ఉంది. ముందుగా వెనక వరసల్లోని టీవీవాళ్లు రండి, ఉంగరాలు, వాచీలు తీసి జేబులో పెట్టుకుని.